"ఫ్యామిలీతో చూడొచ్చా?" అని అడిగే అందరికీ

కొత్త సినిమా పడిందంటే చాలు, శుక్రవారం మధ్యాహ్నానికల్లా మా చుట్టాల గ్రూపులో ఒకటే ప్రశ్న. "వదినా, ఫ్యామిలీతో చూడొచ్చా?" అంటే ముద్దు సీన్లున్నాయా అని. హీరో ఆ పిల్లని కాలేజీ దాకా వెంటపడి వేధించాడా అనిగానీ, ఐటెం సాంగులో కెమెరా ఎక్కడెక్కడ తిరిగిందనిగానీ ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. అదే ఐటెం సాంగుకి ఐదేళ్ళ పిల్లచేత స్టెప్పులేయించి, వీడియో తీసి స్టేటస్ పెట్టేదీ ఈ ఫ్యామిలీలే.

మనవాళ్ళకి తెరమీద శృంగారం చూడాలంటే ఇబ్బంది అన్న మాట నేనొప్పుకోను. ఆడది తనంతట తాను ఇష్టపడి మగాడి దగ్గరికి వెళ్ళినప్పుడే ఆ ఇబ్బంది.

ఎనభైల్లో, తొంభైల్లో హాలుకెళ్ళిన ఆడవాళ్ళని అడగండి. విలన్ గదిలోకొచ్చి గడియ పెట్టగానే నేల క్లాసులోంచి ఈలలు మొదలయ్యేవి. తెరమీద ఆ పిల్ల చేతులు జోడించి బతిమాలుతుంటే ఇంకో ఈల. మా వరసలో అమ్మ, పిన్ని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒళ్ళోకి చూస్తూ కూర్చునేవాళ్ళు. లైట్లు వెలిగాక కూడా దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. ఇంటికెళ్ళేదాకా పిన్ని నా చెయ్యి వదిలేది కాదు. ఆ రోజుల్లో అలాంటి సీనున్న సినిమాలు చాలానే వచ్చేవి, అయినా వాటిని "ఫ్యామిలీ సినిమా" అనే అనేవాళ్ళు.

1996లో, బందిపోటు ఫూలన్ దేవి కథతో తీసిన 'బాండిట్ క్వీన్' సినిమా కేసులో సుప్రీంకోర్టు, ఫూలన్‌ని నగ్నంగా నడిపించే సీను చూస్తే కామం కలగదు, ఆమె మీద జాలి, ఆ పని చేసినవాళ్ళ మీద అసహ్యం కలుగుతాయని చెప్పి సినిమాకి దారిచ్చింది. ఆ తీర్పు సరైనదే, ఎవరితోనైనా వాదిస్తాను. కానీ తెర ఒక్కదానివల్లే ఆ జాలి పుట్టదు. మానభంగం సీనుకి ఈలేసిన మనిషి ఏ సీనుకైనా ఈలేస్తాడు. సెన్సార్ కత్తెర సీనుని కోయగలదు గానీ, వాణ్ణేం చెయ్యగలదు?

ఇక 2017లో ఏం జరిగిందో గుర్తుంది కదా. హైదరాబాద్‌లో సిటీ బస్సు మీదున్న 'అర్జున్ రెడ్డి' ముద్దు పోస్టర్‌ని కాంగ్రెస్ నేత వి. హనుమంతరావు గారు చింపేశారు. చాలామంది చప్పట్లు కొట్టారు. అంతకుముందు అవే గోడల మీద, అవే బస్సుల మీద బొడ్డు క్లోజప్పులు ఎన్నేళ్ళు ఊరేగాయి? వాటికి ఎవరి మనసూ నొచ్చుకోలేదు. ఎందుకంటే ఆ బొమ్మలో ఆమెకంటూ ఏ కోరికా లేదు, చూసేవాడి కోరికే ఉంది.

2018లో 'ఆర్‌ఎక్స్ 100' నేను హాల్లోనే చూశాను. అందులో హీరోయిన్ చొరవ తీసుకున్న ప్రతిసారీ మా వెనక వరస కుర్రాళ్ళకి పండగే. చివర్లో ఆమెకి కావలసింది ప్రేమ కాదు, శరీరసుఖమేనని తెలిసేసరికి అవే గొంతులు బూతులందుకున్నాయి. ఆ తిట్లు నేను ఇక్కడ రాయలేను. కథ ఆమెని విలన్ని చేసింది, అది వేరే గొడవ. కానీ అప్పటిదాకా ఆ చొరవని చూసి ఆనందించింది వీళ్ళే కదా! అదే సినిమా చూసి బయటికొచ్చిన నా ఫ్రెండొకతి "ఆ పిల్లకి ఒక్క మంచి మాట రాసే ఓపిక లేదా వీళ్ళకి" అని దార్లో ఆగి మరీ కోప్పడింది. మా ఇద్దరికీ ముద్దు సీన్లు అసలు గుర్తే లేవు.

శృంగార సినిమాల నటి షకీలా సంగతీ అంతే. 2000లో వచ్చిన 'కిన్నరతుంబికళ్' తర్వాత ఆమె మలయాళం డబ్బింగులంటే మార్నింగ్ షోకి తల మీద కర్చీఫ్ కప్పుకుని వెళ్ళే వ్యవహారం. రెండేళ్ళకి 'జయం'లో లెక్చరర్‌గా కనిపిస్తే పిల్లాపాపలతో సహా హాలంతా పగలబడి నవ్వింది. మనిషీ ఆమే, పైట మీద జోకులూ అవే. ఆమెని నవ్వులపాలు చేస్తే ఫ్యామిలీ సినిమా, ఆమె కోరిక కథయితే బూతు సినిమా.

ఇదంతా నేల టికెట్టు జనం సంగతి అని కొట్టిపారేసేవాళ్ళ మీద నాకు ఇంకా కోపం. మల్టీప్లెక్సులో నాలుగొందలు పెట్టి కూర్చున్న పెద్దమనుషులు ఈలెయ్యరు, నిజమే. భార్యాభర్తలు మనసు విప్పి దగ్గరయ్యే సీనులో కిసుక్కుమని నవ్వుతారు, ఫోన్ తీస్తారు, పాప్‌కార్న్‌కి లేస్తారు. సీను నడిపించిన నటి మొహం అప్పుడు చూసేది ఎవరు?

రివ్యూలు రాసేవాళ్ళకి ఒక విన్నపం. "ముద్దు సీన్లు ఉన్నాయి, పిల్లలతో జాగ్రత్త" అని రాస్తారు కదా, పక్కనే ఇంకో లైను చేర్చండి. బలవంతం సీనుందా, దాన్ని కెమెరా ఎలా చూపించింది, ఆడపిల్ల వద్దన్నాక హీరో ఆగాడా లేదా రాయండి. మా చుట్టాల గ్రూపులో ఈ శుక్రవారం నుంచి నేను అదే రాస్తున్నాను.