జూబిలీ సంచిక గారికి చందాదారుడి మనవి

మహారాజశ్రీ జూబిలీ సంచిక గారి సమక్షమునకు,

తమరి ఆవిష్కరణ పదింటికన్నారు. ముఖ్య అతిథి దయచేసేసరికి బిర్యానీ చల్లారింది. నల్లగొండ ఎండకు రేకుల షెడ్డు కింద మేం మాత్రం బాగా ఉడికాం. అయినా కదల్లేదు. చందా రశీదు మీదే 'విచారణ, పాఠశాలల సమగ్ర చరిత్ర' అని అచ్చేశారు కదా! (విచారణంటే మన కతోలిక గుడి పరిధి లెండి.)

తమరి అట్ట బహు నునుపు. లోపల మేత్రాణుల (బిషప్ గారి) ఆశీస్సులు, ఎమ్మెల్యే సందేశం, కౌన్సిలర్ సందేశం, నగల దుకాణం, బోర్‌వెల్ కంపెనీ. ఒక సందేశంలో వేరే ఊరి గుడి పేరుంది, పోనీయండి. తెలుగులో మాట్లాడితే ఫైన్ వేసే మన బడి 'మాతృభాషా సేవ' మీద వ్యాసం కూడా వేశారు. అదీ పోనీయండి.

ఇక చరిత్ర. ఒకటిన్నర పేజీ! ఇటలీ నుంచి పీమే అనే మిషనరీ సంఘపు గురువులు వచ్చిరి, గుడి వెలిసెను, బడి వెలిసెను. 1976లో నల్లగొండ మేత్రాసనం (బిషప్ గారి పరిధి) ఏర్పడెను, మాథ్యూ చెరియన్‌కున్నేల్ గారు తొలి మేత్రాణులైరి. నిజమే, కాదనను. మరి ఆ దొర ఫాదర్లకు తెలుగు పలకడం నేర్పిందెవరు? సైకిలు మీద ఊరూరూ తిరిగి జపాలు చెప్పిన ఉపదేశి పేరేది? గోడలు లేపిన మేస్త్రీలేరి?

అడుగున చిన్న అక్షరాల్లో సమాధానం రాశారు: 'పాత రికార్డులు లభించలేదు.'

లభించలేదా? ప్రతి విచారణలో జ్ఞానస్నానాల (బాప్తిస్మాల) రిజిస్టరు ఉండి తీరాలని తిరుసభ, అంటే కతోలిక సంఘం, చట్టమే చెబుతుంది. అందులో బిడ్డ పేరు, అమ్మానాన్నలు, జ్ఞాన తల్లిదండ్రులు (గాడ్‌పేరెంట్స్), తేదీ అన్నీ ఉంటాయి. తర్వాత పెళ్లయితే ఆ ముక్కా పక్కనే ఎక్కుతుంది. మన పాతవి లత్తీను (లాటిన్) భాషలో ఉన్నాయి. మన యోసేపులంతా అందులో యోసెఫుస్‌లై కూర్చున్నారు. ఆ రిజిస్టర్ల బీరువా ఆఫీసు గదిలనే ఉన్నది. తాళంచెవి టేబుల్ సొరుగులనే ఉంటది. కమిటీల ఒక్కలన్న తీసి చూసిండ్రా? బోర్‌వెలోళ్ల ఫొటోకు నిండు పేజీ ఇచ్చిండ్రు. గుడి పునాదికి కంకర తట్టలు మోసిన మా నాయినమ్మకు ఒక్క లైను లేదు. ఆమెతోటి మోసినోళ్లకూ లేదు. పైసలిచ్చినోని పేరే చరిత్రనా? చెదలు తిన్నంక 'లభించలేదు' అని రాస్తే ఒప్పుకుంటం. ఉన్నయి పెట్టుకొని అబద్ధమెందుకు?

క్షమించాలి, కోపంలో 'తమరు' అనడం మరిచాను.

ఇంత తిట్టీ తమరిని పాతపేపర్ల వాడికి వేయలేకపోతున్నాను. 37వ పేజీలో మా ఏడో తరగతి ఫొటో ఉంది. కింద ఒక్క పేరూ లేదు. వాట్సాప్‌లో కొట్లాడుకుంటూ ఎడమ నుంచి కుడికి మేమే పెన్నుతో రాసుకుంటున్నాం. మూడో వరుసలో ఇద్దరు ఇంకా తేలలేదు.

ఇట్లు,
వెనక వరుసలో సగం తల మాత్రమే కనిపించే పూర్వ విద్యార్థి