మన రోడ్లకి సేఫ్టీ డబ్బులు ఎవరి ఖాతాలో ఉండాలి?

నేషనల్ హైవే మీద ఒక చోటుని బ్లాక్ స్పాట్ అని చెప్పాలంటే కేంద్ర రవాణా శాఖకి ఒక లెక్క ఉంది. సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో ప్రాణం పోయినవో తీవ్ర గాయాలైనవో 5 యాక్సిడెంట్లు జరగాలి, లేదంటే మొత్తం 10 మంది చనిపోవాలి. నాలుగు యాక్సిడెంట్లు అయిన మలుపు ఇంకా క్యూలోనే ఉంటుందన్నమాట. లెక్క తప్పని నేను అనను, చేతిలో డబ్బు తక్కువున్నప్పుడు ఎక్కడ ముందు పెట్టాలో తేల్చుకోడానికి ఏదో ఒక కొలత కావాలి. కానీ మన చిత్తూరు, తిరుపతి వైపు ఏ మలుపులో ప్రమాదం కాచుకునుందో లారీ డ్రైవర్ని అడిగినా చెప్తాడు, పక్కనున్న టీ కొట్టాయన్ని అడిగినా చెప్తాడు, పది మంది పోయేదాకా ఆగి తెలుసుకోవాల్సిన రహస్యమేం కాదు అది.

మొగిలి ఘాట్ సంగతే చూడండి. బంగారుపాళ్యం, పలమనేరు మధ్య బెంగళూరు రూట్లో 2024 సెప్టెంబర్‌లో లారీ, ఆర్టీసీ బస్సు ఢీకొని ఏడెనిమిది మంది పోయారు. అట్లాగే 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న ప్రైవేట్ బస్సు రాత్రిపూట లోయలో పడింది, చీకట్లో కింద ఉన్నవాళ్లని పైకి తేవడమే పెద్ద పనైపోయింది. ఇంత పెద్దవి జరిగినప్పుడు మంత్రులొస్తారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తారు, అధికారులు వచ్చి టేపులతో కొలుస్తారు. అసలు ఆ దిగుడులో ఏం జరుగుతుందో అందరికీ తెలిసిందే, లోడు లారీ కిందకి దిగేటప్పుడు డ్రైవర్ గేర్ మీద ఆపకుండా బ్రేక్ మీదే కాలు పెట్టుకుని వస్తే బ్రేకులు వేడెక్కి పట్టడం మానేస్తాయి, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేసేవాళ్లు ఇంకో రకం. దీనికి మందు కూడా కొత్తదేం కాదు. దిగుడు మొదలయ్యే ముందే లారీలు ఆగి బ్రేకులు చూసుకునే జాగా, మధ్యలో బ్రేక్ ఫెయిలైన బండి ఎక్కి ఆగడానికి పక్కకి మట్టి ర్యాంపు, మలుపుల్లో బండిని పడకుండా ఆపే గట్టి క్రాష్ బ్యారియర్, రాత్రి మెరిసే స్టడ్లు. ఫ్లైఓవర్‌తో పోల్చుకుంటే ఇదంతా చిల్లర ఖర్చు.

ఆ చిల్లర ఎవరిస్తారు అన్న దగ్గరే బండి ఆగిపోతుంది.

మదనపల్లె నుంచి నాయుడుపేట దాకా పోయే 71వ నంబర్ హైవే తీసుకుంటే, రోడ్డు కేంద్రం చేతిలో, దాంట్లో వచ్చి కలిసే అడ్డరోడ్లు కొన్ని ఆర్ అండ్ బీవి, కొన్ని పంచాయతీరాజ్‌వి, ఊరు దగ్గరికొచ్చేసరికి కార్పొరేషన్, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ). 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీశాక ఒకే రోడ్డుకి ఒకటికి మించి కలెక్టర్లు, ఒకటికి మించి జిల్లా రోడ్ సేఫ్టీ కమిటీలు అయ్యాయి. కమిటీలో అందరూ కూర్చుంటారు, ఎస్పీ, రవాణా శాఖ, ఆర్ అండ్ బీ, హైవే వాళ్లు, వైద్య శాఖ. కూర్చున్నంతవరకు బాగానే ఉంటుంది. కానీ ఆ కమిటీకి సొంతంగా ఖర్చు పెట్టుకునే పద్దు అంటూ గట్టిగా ఏమీ ఉండదు, ప్రతి శాఖకీ లెటర్ రాయాలి, వాళ్లు ఎస్టిమేట్ వేసి పైకి పంపాలి, పైనుంచి శాంక్షన్ రావాలి. జంక్షన్లో హైమాస్ట్ లైటు ఎవరో వేయిస్తారు, నెలనెలా కరెంటు బిల్లు పంచాయతీ కట్టాలా హైవే వాళ్లు కట్టాలా అని తేలదు, ఈలోగా లైటు ఆరిపోయి ఉంటుంది. ఇది ఒక ఊరి కథ కాదు, హైవే పక్కన ఉండేవాళ్లందరికీ తెలిసిందే.

ఇప్పుడు కొండ మీదకి పోదాం. తిరుమల ఘాట్ రోడ్లు రెండు, పాతది 1944లో తెరిచారు, రెండోది 1974లో. ఒకటి ఎక్కడానికి, ఒకటి దిగడానికి, ఎదురొచ్చే బండి గొడవే లేదు. పైగా టైం లెక్క ఉంది, ఎక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు, అంతకంటే ముందే వచ్చేశావంటే స్పీడుగా తోలావనే అర్థం, ఫైన్ కట్టు. ఒక చోట కెమెరా పెడితే అక్కడ మాత్రం స్లో చేసి మళ్లీ తొక్కేస్తారు కానీ మొత్తం దూరం మీద సగటు చూస్తే ఆ తెలివి పనిచేయదు. విదేశాల్లో సగటు స్పీడ్ కెమెరాలని ఇప్పుడు గొప్పగా చెప్పుకునే పద్ధతిని మన కొండ మీద స్లిప్పు కాగితంతోనే నడిపేశారు! అక్కడ యాక్సిడెంట్లు అసలు కావని కాదు, అవుతూనే ఉంటాయి. అయినా అన్ని వేల బండ్లు రోజూ తిరిగే కొండ రోడ్డుకి అది చాలా మెరుగు.

దేవస్థానం దగ్గర డబ్బుంది కాబట్టి కుదిరింది అంటారు చాలామంది. డబ్బు సంగతి నిజమే, కానీ సగమే నిజం. అక్కడ రోడ్డు వేసేవాడు, రిపేరు చేసేవాడు, గేటు దగ్గర బండి ఆపేవాడు, ఫైన్ వేసేవాడు అందరూ ఒకే గొడుగు కింద ఉన్నారు, పిట్టగోడ పడిపోతే ఎవర్ని అడగాలో తెలుసు. అదే భక్తుడు కొండ దిగి అలిపిరి దాటాక చంద్రగిరి మీదుగా పీలేరు వైపు తిరిగితే ఆ రోడ్డు మీద అతని ప్రాణానికి జవాబు చెప్పే ఆఫీసు ఏదో ఒక్కటి చూపించండి చూద్దాం. నడిచొచ్చేవాళ్ల పరిస్థితి ఇంకా ఘోరం. పెరటాసి నెలలో తమిళనాడు నుంచి, మిగతా రోజుల్లో పుంగనూరు, మదనపల్లె వైపు నుంచి రాత్రంతా హైవే అంచునే నడుస్తారు, చేతిలో సెల్ ఫోన్ లైటు తప్ప ఇంకేం ఉండదు. వాళ్లకి విడిగా ఒక నడక దారి అనేది రోడ్డు డిజైన్లోనే లేదు.

తిరుపతిలో డబ్బే లేదా అంటే, శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఉంది కదా. 2023లో పూర్తిగా తెరిచారు, ఆరొందల కోట్లకి పైగా ఖర్చు, స్మార్ట్ సిటీ డబ్బులకి తోడు దేవస్థానం మూడో వంతు వేసుకుంది. ట్రాఫిక్‌కి మేలే జరిగింది, కాదనను. నేను చెప్పేది ఏంటంటే ఇద్దరు ముగ్గురు కలిసి ఒక వంతెనకి వాటా వేసుకోగలిగినప్పుడు అదే వాటా పద్ధతిలో ఒక జిల్లా సేఫ్టీ ఫండ్ ఎందుకు పెట్టుకోలేరు? వంతెనకి శిలాఫలకం ఉంటుంది, స్పీడు తగ్గించమని బండిని గడగడలాడించే రంబుల్ స్ట్రిప్ గీతలకి ఉండదు, బహుశా అదే తేడా.

డబ్బు ఎక్కణ్ణించి అంటే దారులున్నాయి. కేరళ 2007లోనే రోడ్ సేఫ్టీ అథారిటీకి చట్టం చేసుకుంది, ముందటి ఏడాది వసూలైన ట్రాఫిక్ జరిమానాల్లో సగం ఆ ఫండ్‌కి పోవాలని అందులోనే రాసుకున్నారు. కేరళలో యాక్సిడెంట్లు ఆగిపోయాయా, లేదు, కానీ అడగడానికి ఒక ఖాతా ఉంది. మన దగ్గర హెల్మెట్ చలాన్ కట్టినవాడికి ఆ డబ్బు ఎటుపోయిందో తెలీదు. 2020 సెప్టెంబర్‌లో మన రాష్ట్ర ప్రభుత్వం లీటరు పెట్రోల్, డీజిల్ మీద ఒక రూపాయి రోడ్ డెవలప్‌మెంట్ సెస్ వేశారు కదా, దాంట్లో పది పైసలు సేఫ్టీకి విడదీసి జిల్లాలకి ఇచ్చినా చాలా మలుపులు బాగుపడేవి. ప్రపంచ బ్యాంక్ 2022లో రోడ్ సేఫ్టీ కోసం ఏడు రాష్ట్రాలకి 25 కోట్ల డాలర్ల లోన్ ఓకే చేసింది, అందులో ఆంధ్రా కూడా ఉంది. అంతకుముందే కడప–రేణిగుంట రోడ్డు మీద అదే బ్యాంక్ లోన్‌తో సేఫ్ కారిడార్ అని చేశారు. రోడ్డు పని, పోలీస్ నిఘా, ఆస్పత్రి ఈ మూడూ ఒకేసారి కదలాలన్నది దాని ఆలోచన. నాకు నచ్చిన పద్ధతి అదే, స్పాట్ పట్టుకుని కాకుండా రోడ్డు మొత్తాన్ని పట్టుకుని చేయడం. అయితే లోన్ పనులకి ఒక జబ్బుంది, ప్రాజెక్ట్ ఉన్నంతకాలమే ఊపు, తర్వాత చెరిగిన తెల్లగీత మళ్లీ వేయడానికి కూడా పద్దు దొరకదు. అందుకే లోన్ కంటే ఏటా వచ్చే చిన్న మొత్తమే మేలు.

కాంట్రాక్టర్ని, డిజైన్ చేసినోణ్ణి పట్టుకోవచ్చు కదా అని కొందరంటారు. 2019 మోటారు వాహనాల చట్ట సవరణలో అదీ పెట్టారు, వాళ్ల తప్పు వల్ల మనిషి చనిపోతే జరిమానా లక్ష రూపాయల దాకా. వందల కోట్ల రోడ్డుకి లక్ష. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

ఫండ్ వస్తే మొదట దేనికి వాడాలి అంటే నా ఓటు స్పీడుకి, టూవీలర్లకి. సగటు స్పీడు 5 శాతం తగ్గితే ప్రాణాలు తీసే యాక్సిడెంట్లు 30 శాతం దాకా తగ్గొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. 2022లో దేశంలో 1,68,491 మంది రోడ్ల మీద పోతే అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. వాళ్లలో ఊరి అడ్డరోడ్డు నుంచి హైవే ఎక్కేవాళ్లు, యూటర్న్ దూరమని రాంగ్ రూట్లో వచ్చేవాళ్లు కూడా ఉన్నారు, వాళ్లని తిట్టడం తేలిక, రెండు కిలోమీటర్లు తిరిగి రమ్మనే డిజైన్‌ని కూడా తిట్టాలి.

ఇంకొకటి, ఇది మన చిత్తూరు వైపు సంగతి. మామిడి సీజన్లో జూన్, జులైలో తోతాపురి లోడుతో ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు రోడ్డు మీదే కిలోమీటర్ల క్యూ కడతాయి, రాత్రీ పగలూ, చాలా ట్రాలీలకి వెనక రెడ్ లైటు కాదు కదా స్టిక్కర్ కూడా ఉండదు. ఇది ఏ తారీఖుల్లో వస్తుందో, ఏ ఫ్యాక్టరీ ముందు వస్తుందో ముందే తెలుసు. సీజన్‌కి ముందు మే నెల కమిటీ మీటింగ్‌కి ఫ్యాక్టరీల వాళ్లని పిలిచి, ట్రాక్టర్లు ఆగడానికి రోడ్డు పక్కన జాగా లీజుకి తీసుకోండి, ఖర్చులో మీది ఇంత, మార్కెటింగ్ శాఖది ఇంత అని రాయించుకుంటే సరిపోతుంది, స్టిక్కర్లు ఆర్టీవో ఆఫీసు వాళ్లు ఆ జాగాలోనే అంటించొచ్చు. దీనికి ఢిల్లీ శాంక్షన్ అక్కర్లేదు, కలెక్టర్ సంతకం చాలు.