లైసెన్స్ సరే, సంతకం ఎవరికి పెడుతున్నారు?

పదిమంది కలిసి ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్, మొదలుపెట్టగానే వచ్చే మొదటి గొడవ లైసెన్స్ గురించే. ఒకరు ఎంఐటీ అంటారు, ఇంకొకరు జీపీఎల్ అంటారు, అపాచీలో పేటెంట్ల సంగతి కూడా ఉందని మూడో మనిషి గుర్తుచేస్తాడు. రెండు వారాలు వాదించుకుని, చివరికి ఏదో ఒక ఫైలు పెట్టేసి హమ్మయ్య అనుకుంటారు. రేపు ఆ లైసెన్స్‌ను మార్చే హక్కు ఎవరి దగ్గర ఉంటుందని మాత్రం ఎవరూ అడగరు. నా దృష్టిలో అడగాల్సింది ముందు అదే.

మోంగోడీబీ 2018లో, ఎలాస్టిక్‌సెర్చ్ 2021లో, టెర్రాఫామ్ 2023లో, రెడిస్ 2024లో. లైసెన్స్ మార్చిన ఈ సాఫ్ట్‌వేర్‌ల వరస చాలామందికి తెలిసిందే. ఓపెన్ సోర్స్ అన్న పేరు మీదే పెరిగి, పేరొచ్చాక షరతులు బిగించినవే అన్నీ. మా కష్టాన్ని క్లౌడ్ కంపెనీలు ఊరికే తినేస్తున్నాయని వాటిని తయారుచేసినవాళ్ల వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ ఆ 'మా కష్టం'లో జీతం లేకుండా పనిచేసిన బయటివాళ్ల వాటా మాటేమిటి? ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

టెర్రాఫామ్‌నే తీసుకోండి. 2023 దాకా దాని లైసెన్స్ ఎంపీఎల్. ఫైల్లో మార్పులు చేసి ఇతరులకు ఇస్తే, ఆ ఫైలును అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. చదివితే గట్టి రక్షణలాగే ఉంటుంది. మరి దాన్ని తయారుచేసిన హాషికార్ప్ ఒక్క ప్రకటనతో, వాడకం మీద షరతులు పెట్టే బిజినెస్ సోర్స్ లైసెన్స్‌కు ఎలా మారిపోయింది? కోడ్ ఇచ్చిన బయటివాళ్ల చేత ముందే సీఎల్ఏ మీద, అంటే ఆ కోడ్ లైసెన్స్ మార్చే హక్కు కంపెనీకి ఇచ్చే కంట్రిబ్యూటర్ ఒప్పందం మీద సంతకం పెట్టించుకుంది కాబట్టి. ఎంపీఎల్ కట్టుబాట్లు మనకే మిగిలాయి, కంపెనీకి కాదు.

రెడిస్‌కు ఆ సంతకం కూడా అక్కర్లేకపోయింది. జనం బీఎస్‌డీ అనే లైసెన్స్ కింద కోడ్ ఇచ్చారు. కాపీరైట్ నోటీసు ఉంచితే చాలు, ఆ కోడ్‌ను ఎందులోనైనా కలుపుకోవచ్చు. తలుపే లేని ఇంటికి తాళంచెవి దేనికి?

ఈ సంతకాల తంతు ఎంత మామూలుగా జరిగిపోతుందో నా అనుభవమే చెబుతుంది. ఓసారి ఒక ప్రాజెక్టులో తేదీ తప్పుగా చూపిస్తుంటే మూడు లైన్లు సరిచేసి, ఆ మార్పు కలుపుకోమని పుల్ రిక్వెస్ట్ పంపాను. నిమిషంలో ఒక బాట్ వచ్చి, ఒప్పందానికి ఒప్పుకుంటేనే ముందుకు వెళ్తుందని ఎర్ర గుర్తు పెట్టింది. లింక్ నొక్కాను, కిందికి స్క్రోల్ చేశాను, 'అంగీకరిస్తున్నాను' నొక్కాను. చదవలేదు. ఎర్ర గుర్తు పచ్చగా మారింది, సంబరపడ్డాను కూడా. నా కోడ్‌ను కంపెనీ ఏ లైసెన్స్ కిందికైనా మార్చుకోవచ్చన్న వాక్యం చాన్నాళ్ల తర్వాత కంటపడింది.

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఈ ఆట సాగదు. దాన్ని మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్ 1992లోనే జీపీఎల్ కిందికి తెచ్చారు, అంటే మార్చి పంచేవాళ్లు ఆ కోడ్‌నూ అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. అంతకంటే ముఖ్యం, రాసినవాళ్ల కాపీరైట్ రాసినవాళ్ల దగ్గరే ఉంది. పంపే ప్రతి మార్పు (ప్యాచ్) చివర 'సైన్డ్-ఆఫ్-బై' అని ఒక లైను ఉంటుంది. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుంది, ఈ లైసెన్స్ కిందే ఇస్తున్నాను అని దాని అర్థం. 2004 నుంచి అదే పద్ధతి. యజమానులు వేలమంది, అందరూ ఒప్పుకుంటే తప్ప లైసెన్స్ మారదు. టోర్వాల్డ్స్ తలుచుకున్నా కుదరదు. కమ్యూనిటీ సాఫ్ట్‌వేర్‌కు ఇంతకంటే మంచి కాపలా నాకు కనిపించలేదు. జీపీఎల్ ఒక్కటే ఉంటే చాలదు, చెదిరిన కాపీరైట్ ఒక్కటే ఉన్నా చాలదు. రెండూ కలవాలి.

నిజంగా మార్చాల్సిన అవసరం వస్తే ఎలా అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. వీడియో ప్లేయర్ వీఎల్‌సీ వాళ్లు తమ లైబ్రరీని జీపీఎల్ నుంచి కాస్త సడలించిన ఎల్‌జీపీఎల్‌కు మార్చడానికి పాత కంట్రిబ్యూటర్లను వెతికి వెతికి ఒప్పించారు. తలనొప్పే, కాదనను. కానీ ఆ తలనొప్పి పేరే అనుమతి అడగడం. కాపీరైట్‌ను ఒకేచోట చేర్చే పద్ధతి లాభాపేక్ష లేని జీఎన్‌యూ ప్రాజెక్టు వైపు కూడా ఉండేది. అక్కడి కంపైలర్ జీసీసీ సైతం 2021లో ఆ నిబంధన సడలించింది.

ఇక 'కమ్యూనిటీ' అనే మాట వింటేనే నాకు ఒళ్లు మండుతోంది. బగ్ పట్టుకోవాలంటే కమ్యూనిటీ, అనువాదం చేయాలంటే కమ్యూనిటీ, అర్ధరాత్రి కొత్తవాళ్ల సందేహాలు తీర్చాలంటే కమ్యూనిటీ. లైసెన్స్ మార్చే రోజున మాత్రం అది బోర్డు రూమ్‌లో తేలే విషయం. మర్నాడు ఉదయం బ్లాగులో 'ప్రియమైన కమ్యూనిటీకి' అని ఒక ఉత్తరం వస్తుంది. ఓటు లేని ఊరికి ఇచ్చే పేరులా ఉంది ఇది.

తర్వాత జరిగిందీ చూడండి. ఎలాస్టిక్‌సెర్చ్‌కు ఓపెన్‌సెర్చ్, టెర్రాఫామ్‌కు ఓపెన్‌టోఫు, రెడిస్‌కు వాల్కీ ఫోర్కులుగా, అంటే పాత కోడ్ నుంచి విడిపోయిన ప్రాజెక్టులుగా పుట్టుకొచ్చాయి. ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ను కూడా చేర్చాయి. సాఫ్ట్‌వేర్‌ను మార్చి నెట్‌వర్క్ మీద నడిపేవాళ్లు ఆ సోర్స్ కూడా వాడేవాళ్లకు ఇవ్వాలనే ఆ లైసెన్స్ 2007 నుంచీ ఉన్నదే. ఓపెన్ సోర్స్‌కు తిరిగొచ్చారని చాలామంది చప్పట్లు కొట్టారు. నేను రెడిస్ కంట్రిబ్యూషన్ నియమాల పేజీ తెరిచాను. బీఎస్‌డీ రోజుల్లో లేని సీఎల్ఏ ఇప్పుడు అక్కడ ఉంది.