చేర్చుకుంటున్నారు సరే, నిలబెట్టుకుంటున్నారా?

ఆస్ట్రేలియాలో అబోరిజినల్ వాళ్ళకి, అంటే అక్కడి ఆదివాసులకి, గవర్నమెంటు ఉద్యోగాలు ఇవ్వాలి అనే మాటకి పైకి ఎవరూ అడ్డం చెప్పట్లేదు, పార్టీలు మారినా టార్గెట్లు వస్తూనే ఉన్నాయి, స్పెషల్ రిక్రూట్‌మెంట్లు, అప్రెంటిస్‌షిప్‌లు, గ్రాడ్యుయేట్ ప్రోగ్రాంలు అన్నీ నడుస్తున్నాయి. అయినా ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సర్వీసులో అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ద్వీపవాసుల (వీళ్ళూ ఆదివాసులే) వాటా ఏళ్ల తరబడి మూడున్నర శాతం దగ్గరే తచ్చాడుతోంది. 2021 జనాభా అంచనాల్లో వాళ్ళు 3.8 శాతం. ఇంతేనా తేడా, పర్లేదు కదా అనిపిస్తుంది, కానీ ఆ మూడున్నర శాతంలో ఎక్కువమంది కింది గ్రేడుల్లోనే ఉన్నారు, పైగా మిగతా ఉద్యోగుల కంటే తొందరగా మానేసి వెళ్ళిపోతున్నారు. కొత్తగా వచ్చేవాళ్ళు వెళ్ళిపోయినవాళ్ళ ఖాళీలే నింపుతుంటే వాటా ఎక్కడ పెరుగుతుంది? మేం అనేది ఇదే, గొడవ తలుపు దగ్గర కంటే లోపలే ఎక్కువగా ఉంది.

ఎందుకు మానేస్తున్నారో ఎవరికీ తెలియని విషయమేం కాదు. ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ పరిశోధకులు అలా బయటికెళ్ళిన వాళ్ళతోనే మాట్లాడి 2016లో రిపోర్టు ఇచ్చారు. మా జనానికి ఏదైనా చెయ్యొచ్చు అని సర్వీసులోకి వచ్చాం, తీరా వస్తే మా మాటకి విలువ లేదు, మాకున్న నైపుణ్యాన్ని నైపుణ్యంగానే చూడలేదు, పైకి ఎదిగే దారి కనపడలేదు అన్నది అందులో తేలిన సారం. జీతం చాలక పోయినవాళ్ళ కథ కాదిది.

అక్కడి ఉద్యోగులు కల్చరల్ లోడ్ అని ఒకటి చెప్తారు, దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. టీంలో అబోరిజినల్ ఉద్యోగి ఒక్కరే ఉంటే జూలైలో నైడాక్ వీక్ (ఆదివాసీ సంస్కృతి వారోత్సవం) ప్రోగ్రాం వాళ్ళ నెత్తినే పడుతుంది, ఆదివాసులతో సయోధ్యకి ఆఫీసు వేసుకునే రీకన్సిలియేషన్ ప్లాన్ కమిటీలో వాళ్ళే ఉండాలి, మీటింగుకి ఏ పెద్దని పిలవాలో, ఏ మాట వాడితే తప్పవుతుందో అందరూ వాళ్ళనే అడుగుతారు, ఎవరైనా తెలిసీ తెలియక ఏదో అనేస్తే కూర్చోబెట్టి వివరించాల్సింది కూడా వాళ్ళే. ఇదంతా అసలు పనికి అదనం, దీనికి టైం ఇవ్వరు, జీతం కలపరు, చాలాచోట్ల ప్రమోషన్ టైంకి ఈ పని లెక్కలోకే రాదు. ఇంకోపక్క ఊళ్ళో డిపార్ట్‌మెంట్ ఏదైనా తప్పు చేస్తే సొంతవాళ్ళ దగ్గర తిట్లు తినేదీ వీళ్ళే. ఇంట్లో ఎవరైనా పోతే సారీ బిజినెస్ అనే సంతాప ఆచారాల కోసం రోజుల తరబడి ఊళ్ళో ఉండాలి, అది సెలవు రూల్స్‌లో పట్టదని మేనేజర్ మొహం మాడ్చుకుంటే ఆ ఉద్యోగి ఏ ధైర్యంతో అక్కడ ఉంటాడు?

చరిత్ర కూడా ఊరికే పోదు. క్వీన్స్‌లాండ్‌లో దశాబ్దాలపాటు అబోరిజినల్ కూలీల జీతాలు గవర్నమెంటే తన చేతిలో పెట్టుకుంది, ఆ దోచుకున్న జీతాల కేసులో 2019లో 19 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది, తర్వాత వెస్ట్రన్ ఆస్ట్రేలియా కూడా 18 కోట్లకి పైగా ఇవ్వడానికి ఒప్పుకుంది. అబోరిజినల్ పిల్లల్ని తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్ళింది కూడా గవర్నమెంటు ఉద్యోగులే, దానికి పార్లమెంటులో క్షమాపణ వచ్చింది 2008లో. అలాంటి సంస్థలోకి ఒక కుర్రాడో అమ్మాయో అడుగుపెడుతుంటే ఇంట్లో అమ్మమ్మ ఏమనుకుంటుందో ఆఫీసరుకి తెలిసుండాలి.

రిమోట్ ఊళ్ళలో అన్యాయం ఇంకా కళ్ళకి కట్టినట్టు ఉంటుంది. నార్తర్న్ టెరిటరీ జనాభాలో 30 శాతం దాకా అబోరిజినల్ వాళ్ళే, అక్కడి ఊళ్ళకి బయటినుంచి వచ్చే టీచరుకి, నర్సుకి గవర్నమెంటు ఇల్లు ఇస్తారు, అదే ఊరి మనిషిని ఉద్యోగంలోకి తీసుకుంటే మాత్రం నువ్వు లోకల్ కదా అని చాలా ఏళ్లపాటు ఇల్లు ఇవ్వలేదు. బయటివాళ్ళు వస్తారు పోతారు, ఊరి భాష వచ్చిన అసిస్టెంట్ టీచర్ మాత్రం కిక్కిరిసిన ఇంట్లో నిద్రలేక పొద్దున్నే బడికి రావాలి.

మనవాళ్ళకి ఇక్కడ రిజర్వేషన్ గుర్తొస్తుంది. ఆస్ట్రేలియాలో మన రాజ్యాంగంలో ఉన్నట్టు రిజర్వేషన్ లేదు, జాతి వివక్ష చట్టం కింద స్పెషల్ మెజర్స్ అని కొన్ని పోస్టులు ప్రత్యేకంగా నింపుకోవచ్చు అంతే. మన ఏజెన్సీ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని సుప్రీంకోర్టు 2020లో కొట్టేసినప్పుడు మన్యంలో ఎంత బాధపడ్డారో చూశాం, ఊరి బడిలో ఊరి మనిషి ఉండాలన్న కోరిక అక్కడా ఇక్కడా ఒకటే.

చార్లెస్ పెర్కిన్స్ 1984లో ఒక ఫెడరల్ డిపార్ట్‌మెంట్‌కి సెక్రటరీ అయ్యారు, ఆ స్థాయికి చేరిన మొదటి అబోరిజినల్ ఆయనే. అంత కాలం గడిచాక, మూడు వేలకి పైగా ఉన్న సీనియర్ అధికారుల్లో అబోరిజినల్ వాళ్ళని కనీసం 100 మందికి చేర్చాలని ఈమధ్య ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. మంచిదే, మేం స్వాగతిస్తున్నాం, కానీ పైన కూర్చోబెట్టిన ఆ 100 మంది చేతుల్లో బడ్జెట్ ఉండాలి, నిర్ణయం ఉండాలి, అందర్నీ ఆదివాసీ వ్యవహారాల సెక్షన్లలోనే కాకుండా ట్రెజరీలో, హెల్త్‌లో, డిఫెన్స్‌లో కూడా వెయ్యాలి.

ఆదివాసుల మాట పార్లమెంటుకి వినిపించే సంఘాన్ని రాజ్యాంగంలో పెట్టాలన్న వాయిస్ రెఫరెండం 2023 అక్టోబర్‌లో ఆరు రాష్ట్రాల్లోనూ ఓడిపోయింది, అప్పట్నుంచి ఆదివాసుల మాట ఎత్తడానికే నాయకులు జంకుతున్నారు. ఈ పనికి మాత్రం ఏ రెఫరెండమూ అక్కర్లేదు. సారీ బిజినెస్ సెలవు మేనేజర్ దయ మీద కాకుండా హక్కుగా ఉండాలి, కల్చరల్ పని జాబ్ చార్టులో రాసి దానికి టైం, గ్రేడు ఇవ్వాలి, లోకల్‌గా చేరినవాళ్ళకి కూడా బయటివాళ్ళతో సమానంగా ఇల్లు ఇవ్వాలి. ఏటా ఎంతమందిని చేర్చుకున్నామో గొప్పగా చెప్పుకునే ప్రతి డిపార్ట్‌మెంటూ ఎంతమంది, ఏ గ్రేడులో, ఎన్నాళ్ళకి మానేశారో కూడా బయటపెట్టాలి, ఆ లెక్క సెక్రటరీ పనితీరు మదింపులో చేర్చాలి.