ఆరు వందల గజాల గీత

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్ 3న ‘కూల్ రూఫ్’ విధానాన్ని ప్రకటించినప్పుడు ఇంటి పైకప్పు వేడి కూడా ప్రభుత్వం పట్టించుకోవలసిన సంగతేనని ఒక రాష్ట్రమైనా గుర్తించిందన్న సంతోషం కలిగింది. 2028-29 నాటికి 300 చదరపు కిలోమీటర్ల పైకప్పును ఎండను తిప్పికొట్టే కప్పుగా మార్చాలని, అందులో 200 చదరపు కిలోమీటర్లు హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు స్థలం విస్తీర్ణంతో నిమిత్తం లేకుండా దీన్ని తప్పనిసరి చేశారు. నివాస గృహాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టేవాటికే నిబంధన వర్తిస్తుందని, అంతకన్నా చిన్న ఇళ్లకు అది యజమాని ఇష్టమని తేల్చారు. బోడుప్పల్‌లోనో, నిజాంపేటలోనో, ఘట్‌కేసర్ చుట్టుపక్కల వేసిన ఏ వెంచర్‌లోనో ఆరు వందల గజాల ప్లాటు కొన్న మధ్యతరగతి మనిషి ఎక్కడున్నాడో విధానం రాసినవారే చెప్పాలి. శివారు కాలనీలు నూట యాభై, రెండు వందల గజాల ముక్కల మీద లేచినవి. ఎండ ఎక్కువగా కాల్చేది ఆ ఇళ్లనే, గీత అవతల మిగిలిపోయినవీ అవే.

ఈ గీత తెలంగాణ ఒక్కటే గీసింది కాదు. నివాస గృహాల్లో ఇంధన పొదుపు కోసం కేంద్రం 2018 డిసెంబరులో తెచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ అనే నియమావళి 500 చదరపు మీటర్లు, అంటే ఇంచుమించు అదే ఆరు వందల గజాలు, అంతకు మించిన స్థలాలకే వర్తిస్తుంది. 2022లో సవరించిన ఇంధన పొదుపు చట్టం నివాస భవనాలను కూడా తన పరిధిలోకి తీసుకుంది కానీ వంద కిలోవాట్ల విద్యుత్ లోడును ప్రాతిపదికగా పెట్టింది. రెండు పడకగదుల ఇల్లు ఆ దరిదాపుల్లోకైనా రాదు. ఇక భవన అనుమతుల కోసం రాష్ట్రం తెచ్చిన 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 600 గజాల లోపు ఇంటికి యజమాని స్వీయ ధ్రువీకరణ ఇస్తే చాలు, తక్షణ అనుమతి వస్తుంది. అనుమతుల కోసం మునిసిపల్ కార్యాలయాల చుట్టూ తిరిగే బాధ తప్పించిన ఆ సంస్కరణను తప్పుపట్టనక్కర్లేదు. అయితే తనిఖీ సులభం కావాలని గీసిన గీతే ఎండ నుంచి రక్షణకు కూడా హద్దుగా మారడం ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

సమస్య ఎక్కడుందో శివారు ఇంటి పై అంతస్తులో ఒక మే నెల రాత్రి గడిపినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఎండలో మధ్యాహ్నం బోడి శ్లాబు పైభాగం అరవై డిగ్రీలు దాటుతుంది. నల్లబడిన సిమెంటు తన మీద పడిన ఎండలో మూడింట రెండు వంతుల దాకా మింగేస్తుంది. ఆ వేడి కాంక్రీటు గుండా కిందికి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది గనుక బయట గాలి చల్లబడే వేళకు లోపల కప్పు కాగడం మొదలవుతుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా కుళాయి నీళ్లు చేతిని కాలుస్తాయి. ఫ్యాను వేస్తే సీలింగు కింద పేరుకున్న వేడి గాలినే మంచం మీదికి తోస్తుంది. సాయంత్రం డాబా మీద బిందెలతో నీళ్లు చల్లితే కొంత ఉపశమనం దొరికేమాట నిజమే గానీ ట్యాంకరు కొనుక్కునే కాలనీలో ఆ నీళ్లు ఎక్కడివి?

ఎకో నివాస్ సంహిత పైకప్పుకు పెట్టిన ప్రమాణం చాలా సరళమైనది. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి పోకూడదంటుంది. మన మామూలు శ్లాబు గుండా 3 వాట్లకు పైనే పోతుంది. అంటే కేంద్రం పెద్ద ఇంటికి వద్దన్నదానికి రెండున్నర రెట్లు వేడి చిన్న ఇంట్లోకి యథేచ్ఛగా దిగుతోందన్నమాట. పూర్వం ఇలా ఉండేది కాదు. రాయలసీమ మిద్దెల మీద చౌడు మట్టి మందంగా పరిచేవారు, కోస్తాలో పెంకుటింటికి కింద అటక ఉండేది, మద్రాసు మిద్దెకు ఇటుక ముక్కలు, సున్నం కలిపి దిమ్మిస కొట్టేవారు. కాంక్రీటు వచ్చాక కప్పుకు బలం పెరిగింది, వానకు కారకుండా ఉండే భరోసా వచ్చింది. వేడిని ఆపే పొర మాత్రం ఖర్చులో కోతకు గురై మాయమైంది. మళ్లీ మట్టి మిద్దెలకు పోదామనడం మా ఉద్దేశం కాదు. పోయిన ఆ పొరను నేటి సామగ్రితో తిరిగి వేయించాలన్నదే మా వాదన.

దారులు రెండు. ఎండను కప్పు మీదే తిప్పికొట్టడం ఒకటి, కప్పులోకి దిగిన వేడి గదిలోకి రాకుండా అడ్డుకోవడం రెండోది. మొదటిదానికి తెల్లని కూల్ పెయింటు, తెల్ల టైల్స్, పగిలిన టైల్స్ ముక్కల పరుపు, ఏదీ కుదరకపోతే జిగురు కలిపిన సున్నం సరిపోతాయి. హైదరాబాద్‌లోని దేవరకొండ బస్తీలో 2017లో పాతిక పేదల ఇళ్ల మీద తెల్లని పొర పరిచి చూస్తే లోపలి ఉష్ణోగ్రత సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు గానీ, సిమెంటు రేకుల కింద పసిబిడ్డతో పడుకునే తల్లికి ఆ రెండు డిగ్రీలే నిద్ర. పని కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. శ్లాబును కడిగి, పగుళ్లు పూడ్చి, నీటి వాలు సరిచూసి, రెండు పూతలు వేసి, పిట్టగోడ లోపలివైపు కూడా రంగు పూస్తే మేస్త్రీకి ఒకటి రెండు రోజుల పని. అయితే దుమ్ము పడితే పూత తన గుణాన్ని కోల్పోతుంది. ఏటా వేసవి ముందు కడగాలి, కొన్నేళ్లకోసారి మళ్లీ వేయాలి. ఈ మాట రంగుల కంపెనీల ప్రకటనల్లో వినిపించదు.

రెండో దారిలో మనవాళ్లు డబ్బు ధారాళంగానే పోస్తున్నారు, చోటు తప్పి పోస్తున్నారు. హాల్లో లక్షలు పెట్టి ఫాల్స్ సీలింగ్ వేయించి, పైన శ్లాబును బోడిగా వదిలేసే ఇళ్లు కొల్లలు. సీలింగుకూ శ్లాబుకూ మధ్యనున్న గాలి కొంత అడ్డుకుంటుంది, కాదనం. కానీ ఎండకు కాంక్రీటు మొత్తం కాగిన తర్వాత కింద అడ్డం పెట్టడం కన్నా, శ్లాబు పైనే ఫోమ్ షీట్లు పరిచి దాని మీద సిమెంటు పొర, తెల్ల టైల్స్ వేస్తే కాంక్రీటే కాగదు, పగుళ్లు కూడా తగ్గుతాయి. ఎలాగూ వాటర్‌ప్రూఫింగ్ చేయించే సంవత్సరంలోనే ఈ పనీ కలుపుకుంటే కూలి ఖర్చు రెండుసార్లు పడదు.

ఇక సందుల సంగతి. చల్లని దేశాల్లో ఇంటిని గాలి చొరబడకుండా బిగించడం ఒక నియమం. దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే పొరపాటవుతుంది. ఏసీ ఉన్న గదిలో తలుపు కింది సందు, ఏసీ పైపు కోసం గోడకు కొట్టి వదిలేసిన రంధ్రం, స్లైడింగ్ కిటికీ పట్టాల మధ్య ఖాళీ, తలుపు పైనున్న పాత వెంటిలేటరు మూసుకోవలసినవే. విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల్లో ఆ సందుల గుండా వచ్చే తేమను ఆరబెట్టడానికి ఏసీ అదనంగా శ్రమ పడుతుంది. ఒక రబ్బరు పట్టీ, కాస్త సీలెంటు ఖర్చు కొన్ని వందలకు మించదు. కానీ కూలర్ పెట్టుకున్న గదికి గాలి బయటికి పోయే దారి ఉండి తీరాలి. అది మూస్తే గది ఉక్కపోతల కొలిమి అవుతుంది. ఏ యంత్రమూ లేని ఇంట్లో పగలు కిటికీలు మూసి వడగాడ్పును ఆపడం, రాత్రి బార్లా తెరవడమే సరైన పద్ధతి. గ్యాస్ గీజరు ఉన్న స్నానాల గదికి గాలి దారి మూస్తే మాత్రం అది ప్రాణాల మీదికే వస్తుంది. ఏ ఇంటికి ఏది తగునో చెప్పే మనిషి కాలనీలో ఉండాలి. మునిసిపాలిటీలు కనీసం తమ వార్డు సిబ్బందికి, మేస్త్రీలకు ఈ శిక్షణ ఇప్పించవచ్చు.

డబ్బు లేదన్న సాకు నిలవదు. కూల్ రూఫ్ పూతకు చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలవుతుందని విధానం ప్రకటించినప్పుడు అప్పటి ప్రభుత్వమే చెప్పింది. ఇందిరమ్మ ఇంటి కనీస విస్తీర్ణం 400 చదరపు అడుగులు, అంటే 37 చదరపు మీటర్లు. ఆ లెక్కన కప్పుకు పదకొండు వేల రూపాయల చిల్లర అవుతుంది. ఇంటికిచ్చే 5 లక్షల సాయంలో అది రెండు శాతానికి కొంచెం ఎక్కువ. వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకిచ్చే పరిహారాన్ని 2025లో 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది కూడా ఈ ప్రభుత్వమే. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో పదిహేను వందల మందికి పైగా చనిపోయిన అనుభవం నుంచి చూస్తే పరిహారం పెంపు న్యాయమే. మనిషి పోయాక 4 లక్షలు ఇవ్వడానికి సిద్ధపడిన ఖజానా, బతికుండగా కప్పు మీద పదకొండు వేలు పెట్టడానికి ఎందుకు వెనకాడాలి? చివరి విడత సాయం విడుదలకు తెల్ల కప్పును షరతుగా పెట్టి, ఆ సొమ్మును అదనంగా ఇవ్వాలి.

కేంద్రం తీరు మరీ విచిత్రం. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల సౌర పలకలకు 78 వేల రూపాయల రాయితీ ఇస్తోంది, ఏసీలపై జీఎస్టీని 2025 సెప్టెంబరులో 28 నుంచి 18 శాతానికి దించింది. పలకలు కప్పుకు కొంత నీడనిస్తాయి, ఏసీ కొనేవారికి భారం తగ్గింది, బాగానే ఉంది. మరి అదే కప్పులోంచి వేడి దిగకుండా చూసుకునే గృహస్థుకు నయాపైసా లేదు. తెలంగాణలో గృహజ్యోతి లబ్ధిదారుల పరిస్థితి చూస్తే ఈ నిర్లక్ష్యం ఖరీదు తెలుస్తుంది. నెలకు 200 యూనిట్ల లోపు వాడితేనే సున్నా బిల్లు. పై అంతస్తులో ఒక ఏసీని రాత్రికి ఎనిమిది గంటలు నడిపితే నెలకు ఆ ఒక్కటే 200 యూనిట్లకు చేరువవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గీత దాటిన ఇంటికి మొత్తం బిల్లూ నెత్తిన పడుతుంది.

అద్దెదారు మాట ఏ విధానమూ ఎత్తదు. శివారు ఇళ్లలో యజమాని కింద ఉండి, పై అంతస్తు, దాని మీద పెంట్‌హౌస్ అద్దెకివ్వడం పరిపాటి. వేడి భరించేది, కరెంటు బిల్లు కట్టేది అద్దెదారు. కప్పు మీద చేయి వేసే హక్కు యజమానిది. తనకు పైసా మిగలని పనికి యజమాని ముందుకు రాడు, ఏడాదిలో ఖాళీ చేసే ఇంటికి అద్దెదారు రంగు వేయించడు. ఈ ముడిని ఉపన్యాసాలు విప్పలేవు, ఆస్తి పన్ను విప్పగలదు. హైదరాబాద్‌లో ఏప్రిల్‌లో ముందుగా పన్ను కట్టినవారికి ఐదు శాతం తగ్గింపు ఎప్పటినుంచో ఇస్తున్నారు. కప్పు తెల్లగా ఉన్న ఇంటికి స్థలం ఎంతైనా సరే మరికొంత తగ్గించాలి, అద్దెకిచ్చిన ఇంటికి అది ఇంకాస్త ఎక్కువ ఉండాలి. స్వీయ ధ్రువీకరణ పత్రంలో కప్పు గురించి ఒక గడి చేర్చి 600 గజాల మినహాయింపును కొత్త ఇళ్ల వరకైనా ఎత్తివేయాలి. 300 చదరపు కిలోమీటర్ల లక్ష్యంలో ఏ ఏడాది ఎన్ని పూర్తయ్యాయో, అందులో సామాన్యుల ఇళ్లు ఎన్నో వార్డులవారీగా బయటపెట్టాలి. లక్ష్యం గడువు 2028-29తో తీరుతోంది. కనీసం వచ్చే వేసవికి ముందు, ఫిబ్రవరి నాటికే ఉత్తర్వులు వెలువడితే మేస్త్రీలకు రెండు నెలల పొడి వాతావరణం దొరుకుతుంది.