సీసాలో చెరువు నీళ్ళు పెడితే కొంప మునుగుతుందా?

గోదావరి జిల్లాల్లో తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. చెరువు నీళ్ళు గాజు తొట్టిలో పోసి సూక్ష్మజీవుల్ని చూసే ప్రాజెక్టు పిల్లల చేత చేయించొద్దట. నిలవ నీళ్ళలో ఉన్నవన్నీ రోగక్రిములేనట, దోమలు పుడతాయట, పంపూ ఫిల్టరూ లేకపోతే కుళ్ళిపోతుందట. ఇంత చేసినా ఖరీదైన మైక్రోస్కోపు లేనిదే ఏమీ కనపడదట.

"అన్నీ రోగక్రిములే" అన్న మాట మన దగ్గర చెల్లడమే విడ్డూరం. చేపల చెరువులో సీడు (చేపపిల్లలు) వేసే ముందు పేడా ఎరువూ వేసి ప్లాంక్టన్, అంటే నీళ్ళలో తేలే చిట్టి జీవుల్ని పెంచేది ఎందుకు? బొచ్చె, శీలావతి పిల్లలు పుట్టిన కొత్తలో బతికేది రోటిఫర్లు, డాఫ్నియాల వంటి చిట్టి నీటి ప్రాణుల్ని తినే కదా. భీమవరం చుట్టుపక్కల ల్యాబులకు రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళి, ఆ ప్లాంక్టన్ ఎలా ఉందో మైక్రోస్కోపు కింద చూపించుకుంటారు. పంట చెరువులో డబ్బు తెచ్చే జీవి, పిల్లాడి సీసాలోకి రాగానే రోగం ఎలా అవుతుంది?

మెదడు తినే అమీబా అని కూడా ఆ మెసేజ్ భయపెట్టింది. కేరళలో 2024లో ఆ కేసులు వచ్చిన మాట నిజమే. కానీ ఆ నెగ్లేరియా మనిషిలోకి వెళ్ళేది ముక్కులోంచి. చెరువులో మునిగినప్పుడు నీళ్ళు ముక్కులోకి ఎక్కితే ప్రమాదం గానీ, గాజు అవతల నుంచి చూస్తే కాదు. సైక్లోప్స్ అనే చిట్టి నీటి ప్రాణి సంగతీ అంతే. ఒకప్పుడు నారికురుపు దాని ద్వారానే వచ్చేది, అదీ వడకట్టని నీళ్ళు తాగితే. మన దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది, 2000లో నారికురుపు లేని దేశంగా గుర్తింపు వచ్చింది. కాబట్టి ఆ నీళ్ళు తాగొద్దు, ముట్టుకుంటే చేతులు సబ్బుతో కడుక్కోవాలి, మురుగు డ్రెయిన్ల నీళ్ళు తేకూడదు. అంతకు మించి టెన్షన్ అక్కర్లేదు.

దోమల మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే. గుడ్డు నుంచి దోమ అవడానికి వారం పది రోజులు చాలు, డెంగీ దోమకు శుభ్రమైన నిలవ నీళ్ళంటే మరీ ఇష్టం. దీనికి మందు దోమతెర గుడ్డ, ఒక రబ్బరు బ్యాండు. మూతి బిగించి కట్టండి. లార్వాలు తింటాయని గంబూసియా చేపల్ని వదిలారో, డాఫ్నియాల్నీ అవే తినేస్తాయి.

పంపూ ఫిల్టరూ చేపలకు. ఇక్కడ అవి ఉంటేనే నష్టం, చిన్న ప్రాణులన్నీ ఫిల్టర్లోకి పోతాయి. వెడల్పు మూతి సీసా, అడుగున వేలెడు మట్టి, నాలుగు రెమ్మలు నీటి మొక్క, ఎండ నేరుగా తగలని కిటికీ ఉంటే సరిపోతుంది. కంపు కొట్టిందంటే తిండి ఎక్కువ వేశారన్నమాట. అన్నం మెతుకు ఒక్కటి వేస్తే చాలు, దాని మీద పెరిగే బాక్టీరియాని పారామీషియాలనే ఏకకణ జీవులు తింటాయి. తగ్గిన నీళ్ళకు బదులు కొళాయి నీళ్ళు పోసేటట్టయితే ఒక రోజు మూత తీసి ఉంచండి, క్లోరిన్ పోతుంది. బావి నీళ్ళకు ఆ బాధ లేదు.

ఇక ఏమీ కనపడదన్నది. డాఫ్నియా ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు ఉంటుంది, సన్నటి చేతులున్న గొట్టంలాంటి ప్రాణి హైడ్రా సెంటీమీటరు దాకా సాగుతుంది. రాత్రి లైట్లు తీసేసి, సీసా వెనక నల్ల కాగితం పెట్టి, పక్క నుంచి టార్చి వేయండి. డాఫ్నియాలు వెలుగు వైపు గెంతుతూ పోగవుతాయి. చేతి భూతద్దంలోంచి ఒకదాన్నే పట్టి చూస్తే తల మీద ఒకే ఒక్క నల్ల కన్ను, గాజులాంటి పెంకు లోపల టకటకా కొట్టుకునే గుండె, వీపు సంచిలో గుడ్లు కనపడతాయి. దాని కొమ్ము హైడ్రా చేతికి తగిలిందంటే అక్కడికక్కడే కొయ్యబారిపోతుంది, హైడ్రా తీరిగ్గా నోటి దగ్గరికి లాక్కుంటుంది. సూక్ష్మజీవుల్ని మొదట చూసినవాళ్ళలో ఒకడైన డచ్చి దేశస్థుడు ల్యూవెన్‌హుక్ 1674లో చెరువు నీళ్ళలో ప్రాణుల్ని చూసింది ఒకే ఒక్క కటకంతోనే. ఆ వివరం చాలదంటే, స్టాన్‌ఫోర్డ్ శాస్త్రవేత్త మను ప్రకాశ్ బృందం 2014లో ప్రకటించిన కాగితపు మైక్రోస్కోపు, ఫోల్డ్‌స్కోపు, దాదాపు 140 రెట్లు పెద్దది చేస్తుంది. పారామీషియానికి అది చాలు.

నీళ్ళు తెచ్చే చోటు ఒక్కటి చూసుకోండి. పురుగుమందు కొట్టిన చేలోని నీళ్ళలో డాఫ్నియాలు బతకవు, రొయ్యల చెరువు నీళ్ళు ఉప్పన. పంట బోదె గానీ, నాచున్న ఊరి చెరువు అంచు గానీ మేలు. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి ఆ లోపే పట్టుకోండి.