ఆ శాలువా నాకు కప్పాలి

కచేరీ అయ్యాక గాయకుడికి శాలువా కప్పడమనే అన్యాయం ఏళ్ల తరబడి నడుస్తోంది. మొన్న డిసెంబరులో హైదరాబాదులో ఒక గాత్ర కచేరీ విని వచ్చాక ఇక నోరు విప్పక తప్పదనిపించింది. ఆయన చేసిందేమిటి? చిన్నప్పటి నుంచి నేర్చుకున్నది పాడాడు. నేనో, ఏమీ నేర్చుకోకుండానే మూడు గంటలపాటు విద్వాంసుడిలా కూర్చున్నాను. ఎవరిది కష్టం?

6 గంటలకన్నారు. 6 గంటలకి హాల్లో నేనూ, మైకులు సర్దే కుర్రాడూ ఉన్నాం. 6:40కి తెర తీస్తే మృదంగం ఆయన ఎడమ మూతకి తడిపిన రవ్వ ముద్ద అద్దుతున్నాడు. ఆ రవ్వ లేకపోతే గుమ్మనే నాదం రాదట. నాకు ఉప్మా గుర్తొచ్చింది. శ్రుతి మొదట తప్పింది అక్కడే.

కచేరీ మొదట్లో పాడే వర్ణం మొదలవగానే హాలంతా తొడల మీద దెబ్బలు మొదలయ్యాయి. తాళం వెయ్యనివాణ్ణి అక్కడ దారి తప్పి వచ్చినవాడిలా చూస్తారు కాబట్టి నేనూ వేశాను. ఆది తాళం పర్వాలేదు. ఒక దెబ్బ, చిటికెన వేలు నుంచి మూడు వేళ్ల లెక్క, ఆ పైన దెబ్బా విసురూ, దెబ్బా విసురూ. మొత్తం ఎనిమిది, బ్యాంకు ఉద్యోగికి ఇదో లెక్క కాదు. రెండో కృతికి మిశ్ర చాపు అన్నారు. మూడూ నాలుగూ కలిపి ఏడు. నా చెయ్యి ఎనిమిదికి అలవాటుపడిపోయి, తాళం తిరిగే ప్రతి చుట్టులోనూ, అంటే ప్రతి ఆవృతంలోనూ, ఒకటి మిగిలిపోతోంది. ఆ మిగిలినవాటిని ఎక్కడ పెట్టాలో తెలియక టెన్షన్ పట్టుకుంది. చివరికి పక్క సీటు పెద్దమనిషి చేతిని ఓరకంట చూస్తూ, ఆయన కొడితే కొట్టాను, విసిరితే విసిరాను.

తర్వాత రాగం గుర్తుపట్టే పరీక్ష. మేళకర్తలు, అంటే మూల రాగాలు, 72. నాకు తెలిసినవి మూడు, అందులో ఒకటి కల్యాణి. ఆలాపన కాస్త సాగగానే కళ్లు మూసుకుని, నలుగురికీ వినపడేంత మెల్లగా "ఆహా, కల్యాణి!" అన్నాను. వెనక వరుసలోంచి ఒక మామ్మగారు, "శంకరాభరణం నాయనా" అన్నారు. ఆవిడ మెల్లగా కూడా అనలేదు. 29వ మేళం శంకరాభరణం, 65వది కల్యాణి. రెంటికీ తేడా ఒక్క మధ్యమం, అక్కడ శుద్ధం, ఇక్కడ ప్రతి. ఏడు స్వరాల్లో ఆరు సరిగ్గా పట్టినవాడికి ఏ పరీక్షలోనైనా ఫస్టు క్లాసు ఇస్తారు. ఇక్కడ ముందు వరుసవాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు.

సాహిత్యం మన తెలుగే కదా, అక్కడైనా పరువు దక్కించుకుందామనుకున్నాను. త్యాగయ్య తమిళదేశంలో తిరువయ్యారులో ఉండి అంత తేట తెలుగులో రాస్తే, అది మనదాకా వచ్చేసరికి ఏ పదం ఎక్కడ విరుగుతుందో తెలియదు. "రా" ఈ ఆవృతంలో, "మా" వచ్చే ఆవృతంలో. ఒకే పాదాన్ని రకరకాలుగా తిప్పి పాడే నెరవల్‌లో ఒక్క ప్రశ్న పట్టుకుని ముప్పై సార్లు అడిగారు. రాముడు జవాబివ్వలేదు. పాపం ఆయనకీ పదాలు విడిగా వినపడి ఉండవు.

ఇప్పటి కచేరీ పద్ధతికి రూపం ఇచ్చినది గాయకుడు అరియక్కుడి రామానుజ అయ్యంగార్ అని చెబుతారు. వర్ణం, కృతులు, ఒక పెద్ద రాగం, పాట ఆపి మృదంగం లాంటి తాళవాద్యాలవాళ్లే వాయించే తని ఆవర్తనం, ఆ పైన జావళీ, తిల్లానా లాంటి చిన్నవి. అందులో కాఫీకి ఆయన చోటు పెట్టలేదు. ఆ లోటును ప్రజలే గమనించి, తనిలో ఇరికించుకున్నారు. మృదంగం మీద మొదటి దెబ్బ పడగానే సగం హాలు మర్యాదగా వంగి బయటికి నడిచింది. నేను లేవలేదు. కళాభిమానం అనుకోకండి, దారికి అడ్డంగా ఎవరిదో సంచి ఉంది. అయితేనేం, ఉన్నవాళ్లలో నేను ఉన్నాను. చివరి ముక్తాయింపుని మూడుసార్లు వాయిస్తారని తెలియక రెండోసారికే చప్పట్లు కొట్టేశాను. ఒక్కణ్ణే. ఘటం ఆయన నవ్వాడు, మృదంగం ఆయన నవ్వలేదు.

తర్వాత ముఖ్య అతిథి లేచి, తనకి సంగీతం తెలియదని మొదలుపెట్టి, ఆ మాటని 25 నిమిషాలపాటు ఉదాహరణలతో నిరూపించారు. తనిలో కాఫీకి వెళ్లినవాళ్లలో ఆయనే మొదటివారు. మొదటి శాలువా ఆయనకే!

మంగళం పాడుతుండగానే జనం చెప్పుల వైపు నడిచారు. నేనూ నా జత వెతుక్కుంటుంటే పక్క సీటు పెద్దమనిషి దగ్గరికొచ్చి, చేతులు జోడించి, "మీరుండబట్టి గట్టెక్కానండీ, ఆ రెండో కృతి నుంచీ మీ చెయ్యి చూసే తాళం వేశాను" అన్నాడు.

కాబట్టి నిర్వాహకులకు మనవి. వచ్చే ఏడు శాలువాలు రెండు తెప్పించండి. జరీవి వద్దు, గుచ్చుకుంటాయి.